గాగుల్స్, ఇయర్‌మఫ్‌లు వద్దని మొండికేసేవాళ్ళకి మెమో ఇవ్వాలా?

షిఫ్టు_ఇన్‌ఛార్జ్: గ్రైండింగ్ దగ్గర ఇద్దరు గాగుల్స్ నుదుటి మీదికి ఎక్కిస్తారు, ఇయర్‌మఫ్ మెడకి వేలాడేస్తారు. రెండుసార్లు చెప్పాను. మెమో ఇచ్చెయ్యనా?

రూల్‌బుక్: ఇవ్వాలి. ముందు సామాను ఇచ్చినట్టు, వాడకం నేర్పినట్టు సంతకాలున్నాయా చూసుకోండి. మొదటిది నోటి హెచ్చరిక, అదీ తేదీ, టైముతో రిజిస్టర్లో ఎక్కాలి. రెండోది మెమో, సంజాయిషీ. మూడోసారి ఆ రోజు పనిలోంచి దించెయ్యడమే. ఒకడికిచ్చి ఇంకొకడిని వదిలేస్తే ఆ మెమో నిలబడదు.

పాతఫిట్టర్: మెమో సరే, ఆ గాగుల్స్ మీరు పెట్టుకుని పది నిమిషాలు గ్రైండర్ పట్టి చూడండి. మాస్కు ముక్కు దగ్గర క్లిప్పు నొక్కకపోతే ఊపిరి పైకి తన్ని అద్దం మసకేస్తుంది. ఆవిరి పట్టని పూత ఉన్నవి ఇప్పించండి. వాటిని పొడిగుడ్డతో రుద్దితే పూత పోతుంది, నీళ్ళతో కడిగి ఆరనివ్వాలి.

రూల్‌బుక్: ఇవన్నీ సాకులు. శబ్దాన్ని 30 డెసిబెల్స్ తగ్గించే ఇయర్‌మఫ్‌ని 8 గంటల షిఫ్టులో అరగంట తీసినా మొత్తమ్మీద దక్కేది 12కి మించదు. సగం షిఫ్టు తీస్తే 3. కాసేపే కదా అంటే ఎలా ఊరుకుంటాం?

పాతఫిట్టర్: లెక్క కరెక్టే. మరి ఎందుకు తీస్తున్నాడు? పక్కవాడి కేక వినబడక. చెవికి చేరే శబ్దం 75–80 మధ్య ఉండేలా ఎంచాలి. 70 కంటే తగ్గితే హారన్ కూడా వినబడకపోవచ్చు. 90 ఉన్నచోట 30 తగ్గించేది ఇస్తే తీసెయ్యక ఏం చేస్తాడు?

కొత్తసభ్యుడు: మా దగ్గర డ్రిల్లింగ్ మెషిన్ మీద గ్లౌజులు కూడా వేసుకోరు.

లేత్‌మనిషి: వేసుకోకూడదు! తిరిగే బిట్టుకి గ్లౌజు కొస చిక్కితే చెయ్యి మొత్తం లాగేస్తుంది. తొలిచే ముక్కని వైస్‌లో (బల్లకుండే బిగింపు పట్టులో) బిగించి, రజను బ్రష్‌తో తియ్యాలి.

రూల్‌బుక్: షెడ్డులో ‘గ్లౌజులు తప్పనిసరి’ అని బోర్డు ఉంటే అందరికీ తప్పనిసరే. మినహాయింపు ఒకటిస్తే పది అడుగుతారు.

లేత్‌మనిషి: ఆ బోర్డే తప్పు. డ్రిల్లు దగ్గర తీయించండి.

పాతఫిట్టర్: బోర్డు మాట విన్నవాడి వేళ్ళు పోతే అప్పుడు మెమో ఎవరికిస్తారు?

రూల్‌బుక్: మర్యాదగా మాట్లాడండి. కన్ను పోతే విచారణలో నిలబడేది ఇన్‌ఛార్జ్, మీరు కాదు. రిజిస్టర్ లేకపోతే అతని గతేంటి?

పాతఫిట్టర్: ఇప్పుడు బయటపడింది. మీ రిజిస్టర్ ఇన్‌ఛార్జ్‌ని కాపాడటానికి. అందులో ‘ఎందుకు తీశాడు’ అన్న గడి ఉందా?

రూల్‌బుక్: లేదు. పెట్టొచ్చు. మసక అని పదిసార్లు ఎక్కితే కొత్త గాగుల్స్‌కి డబ్బు అడగటానికి పనికొస్తుంది. అయినా మెమో ఆపను.

షిఫ్టు_ఇన్‌ఛార్జ్: ఒకటి చెప్పడం మరిచాను. వాళ్ళది పీస్ రేటు, చేసిన ముక్కల లెక్కన కూలి.

పాతఫిట్టర్: ఇది మొదట్లోనే చెప్పాల్సింది! అద్దం తుడవటానికి ఆగిన ప్రతిసారీ వాడి కూలి పోతోంది. ఆ టైము రేటులో కలపండి, నీళ్ళు మెషిన్ పక్కనే పెట్టండి.

రూల్‌బుక్: కలపండి. కలిపాక కూడా తీస్తే?

పాతఫిట్టర్: అప్పుడివ్వండి, అడ్డుపడను. గాగుల్స్ లేకుండా షెడ్డులోకి వచ్చే మేనేజర్‌కి కూడా అదే మెమో ఇవ్వాలి.

రూల్‌బుక్: అది ఇన్‌ఛార్జ్ చేతిలో లేదు.

పాతఫిట్టర్: మరి ఆ ఇద్దరికి ఏ మొహంతో ఇస్తారు?

లేత్‌మనిషి: డ్రిల్లు దగ్గర బోర్డు ఉంటే ఈ షిఫ్టులోనే తీయించండి. మిగతాది తర్వాత తేల్చుకోవచ్చు.