కొత్త ట్యాంకు, ఆరో రోజు, అమోనియా 1 పీపీఎం (లీటరుకు 1 మిల్లీగ్రాము). చేపలు అందులోనే ఉన్నాయి, ఏం చేయాలి?

వేళచ్చేరి_రెండడుగులు

చెన్నై, వేళచ్చేరి. రెండడుగుల ట్యాంకు, నీళ్లు 55 లీటర్లు. అపార్ట్‌మెంటు బోరు నీళ్లు, ఒక స్పాంజ్ ఫిల్టరు. ఒక్క రాత్రి ఫిల్టరు తిప్పితే చాలని దుకాణంలో చెప్పారు. మర్నాడే ఆరు జీబ్రా డానియోలు, రెండు చిన్న గోల్డ్‌ఫిష్‌లు వేశాం. ఇవాళ చుక్కల కిట్‌తో చూస్తే అమోనియా 1 పీపీఎం, నైట్రైట్ 0, పీహెచ్ 8.0, నీటి వేడి 30 డిగ్రీలు. గోల్డ్‌ఫిష్‌లు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. మేత రోజుకు రెండుసార్లు. నీళ్లు మారిస్తే సైక్లింగ్ (అమోనియాను మార్చే బ్యాక్టీరియా ట్యాంకులో నిలదొక్కుకోవడం) మళ్లీ మొదటికొస్తుందని ఒకరన్నారు. దుకాణంలో నీలం మందు ఇచ్చారు. వేయాలా?

స్పాంజ్‌_పిండేవాడు

నీలం మందు వేయకండి. అది మిథిలీన్ బ్లూ అయితే, ఇప్పుడిప్పుడే పుడుతున్న బ్యాక్టీరియాను దెబ్బతీస్తుంది. మీ చేపలకు జబ్బు లేదు, నీళ్లలో విషం ఉంది.

ఈ రాత్రే సగం నీళ్లు మార్చండి, రేపు పొద్దున్న మళ్లీ సగం. 1 కాస్తా 0.5కి, ఆపైన 0.25కి వస్తుంది. నీళ్లు మారిస్తే సైక్లింగ్ ఆగిపోతుందన్నది నిజం కాదు. ఆ బ్యాక్టీరియా ఎక్కువగా స్పాంజికి, రాళ్లకు, గాజుకు పట్టుకుని ఉంటుంది, నీళ్లలో తేలేది చాలా తక్కువ.

మీ దగ్గర 1 పీపీఎం ఎందుకంత ప్రమాదమంటే, కిట్ చూపించేది మొత్తం అమోనియా. అందులో చేపను చంపే భాగం పీహెచ్‌తో, వేడితో పెరుగుతుంది. 30 డిగ్రీల్లో పీహెచ్ 7 దగ్గర అది 0.8 శాతం, పీహెచ్ 8 దగ్గర సుమారు 7.5 శాతం. అంటే మీ ట్యాంకులో దాదాపు 0.075 పీపీఎం. 0.02 దాటి రోజుల తరబడి ఉన్నా చాలు, మొప్పలు పాడవుతాయి. అందుకే పీహెచ్ తక్కువుండే మెత్తని నీళ్లున్న వాళ్ల లెక్క మీకు పనికిరాదు.

మార్చే నీళ్ల సంగతి. బోరు నీళ్లయినా సంపులో బ్లీచింగ్ కలిపి ఉండొచ్చు, లారీ నీళ్లలో, మెట్రో వాటర్‌లో క్లోరిన్ ఉంటుంది. సోడియం థయోసల్ఫేట్ గింజలు 1 గ్రాము 100 మిల్లీలీటర్ల నీళ్లలో కరిగించి, 10 లీటర్ల బకెట్‌కు 10 మిల్లీలీటర్లు కలపండి. ఇది క్లోరిన్‌ను తీస్తుంది, అమోనియాను తీయదు. మధ్యాహ్నం ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్లు మరిగిపోతాయి, పొద్దున్నే పట్టి పెట్టుకోండి. కుళాయి నీళ్లలోనే అమోనియా ఉందేమో ఒకసారి కిట్‌తో చూడండి.

మేత రెండు రోజులకోసారి, ఒక నిమిషంలో తినేసేంతే. 40 శాతం ప్రొటీన్ ఉన్న మేత 1 గ్రాములో సుమారు 64 మిల్లీగ్రాముల నత్రజని ఉంటుంది. అదంతా అమోనియా అయితే మీ 55 లీటర్లలో 1 పీపీఎం దాటుతుంది.

రాళ్లఉప్పు_రాజా

పైన చెప్పినదంతా సరే. ఇక రాబోయే నైట్రైట్ గురించి. బ్యాక్టీరియా అమోనియాను ముందు నైట్రైట్‌గా, ఆ తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. అమోనియా తగ్గడం మొదలైందని ఊపిరి పీల్చుకునే సమయంలోనే, సాధారణంగా రెండో మూడో వారంలో, నైట్రైట్ పెరుగుతుంది. మొప్పల గుండా రక్తంలోకి దిగి హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ మోయనీయదు. గాలి బాగానే ఆడుతున్నా చేప ఆయాసపడుతుంది, మొప్పలు గోధుమరంగులోకి తిరుగుతాయి.

దీనికి ఉప్పు నిజంగా పనిచేస్తుంది. క్లోరైడ్, నైట్రైట్ రెండూ మొప్పల్లో ఒకే దారిన లోపలికి వెళతాయి, క్లోరైడ్ ఎక్కువుంటే నైట్రైట్‌కు చోటు దొరకదు. 10 లీటర్లకు 1 గ్రాము, మీకు ఐదున్నర గ్రాములు, సుమారు ఒక టీస్పూను. ఏమీ కలపని రాళ్ల ఉప్పు తీసుకుని, కరిగించి పోయండి. ఉప్పు ఆవిరై పోదు కాబట్టి సగం నీళ్లు మారిస్తే సగం ఉప్పే కలపాలి. లీటరుకు చెంచా అని చెప్పేవాళ్లుంటారు. అది వేరే చికిత్స, ఇక్కడ వద్దు.

జియోలైట్ రాళ్లు వేసి ఉంటే మాత్రం, ఉప్పు వేసే ముందే తీసేయండి. ఉప్పు తగిలితే అవి పట్టుకున్న అమోనియాను తిరిగి వదిలేస్తాయి.

వేళచ్చేరి_రెండడుగులు

సగం మార్చాను, గోల్డ్‌ఫిష్‌లు కిందికి దిగాయి. జియోలైట్ లేదు. బోరు నీళ్లు బాగా ఉప్పగా ఉన్నాయి, ఆర్‌ఓ నీళ్లు పోస్తే పీహెచ్ తగ్గి మంచిదేనా? ఇంకా తొందరగా అయ్యే దారేమైనా ఉందా?

స్పాంజ్‌_పిండేవాడు

ఉత్త ఆర్‌ఓ వద్దు. అమోనియాను మార్చే క్రమంలో బ్యాక్టీరియా నీటిలోని క్షారాన్ని ఖర్చు చేస్తుంది. ఆర్‌ఓలో అదే ఉండదు, పీహెచ్ పడిపోయి 6 దగ్గరకొస్తే పని దాదాపు నిలిచిపోతుంది. కేహెచ్ (ఆ క్షారపు కొలత) కనీసం 4 డిగ్రీలు ఉండాలి. ఉప్పగా ఉన్న మీ బోరు నీళ్లలో క్లోరైడ్ ఇప్పటికే చాలినంత ఉండొచ్చు. టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల కొలత) వెయ్యి పీపీఎం దాటితే రాజా గారు చెప్పిన టీస్పూను కూడా అక్కర్లేదనుకుంటాను.

తొందరకు ఒకటే మంచి దారి: నెలలుగా జబ్బులేకుండా నడుస్తున్న ట్యాంకులోని స్పాంజి. తెలిసినవాళ్ల దగ్గర అడగండి. ఆ ట్యాంకు నీళ్లతోనే తడిగా సంచిలో తెచ్చి, రెండు మూడు గంటల్లో మీ ఎయిర్ పంపుకు తగిలించండి. అలంకార చేపల దుకాణాలుండే కొళత్తూరు వెళ్లినా దుకాణం స్పాంజి తేకండి, రోజూ కొత్త చేపలు దిగే చోటది. కరెంటు పోతే నడిచే బ్యాటరీ ఎయిర్ పంపు మాత్రం అక్కడ కొనుక్కోండి. నీటిపై తేలే అంతర తామర నాలుగు మొక్కలు వేస్తే అమోనియా కొంత అవి తీసుకుంటాయి.

గోల్డ్‌ఫిష్‌లు మాత్రం ఆ ట్యాంకులో ఉండకూడదు. రెండూ పెరిగే చేపలు, వ్యర్థం ఎక్కువ, 30 డిగ్రీల వేడి వాటికి భారం. పెద్ద ట్యాంకున్న వాళ్లకు ఇప్పుడే ఇచ్చేయండి, డానియోలు నిలబడతాయి.

రాళ్లఉప్పు_రాజా

రోజూ ఒకే సమయానికి అమోనియా, నైట్రైట్ చూడండి. రెండిట్లో ఏది 0.25 దాటినా ఆ రోజు సగం నీళ్లు మార్చాల్సిందే. మామూలు మేత వేస్తూ రెండూ వరసగా ఏడు రోజులు సున్నా చూపించి, నైట్రేట్ పెరుగుతుంటే సైక్లింగ్ అయినట్టు. ఏపీఐ కిట్ అయితే నైట్రేట్ రెండో సీసాను వాడే ముందు 30 సెకన్లు గట్టిగా ఊపండి, లేకపోతే తక్కువ చూపిస్తుంది.