నో-క్లీన్ ఫ్లక్స్: సముద్రం పక్కన కడగాలా, వదిలేయాలా?

లాసన్స్ బే కాలనీ:
మేడ మీద ట్యాంకులో నీళ్లు ఎంతున్నాయో చూపించే బోర్డు సొంతంగా చేసుకున్నాను. మధ్యాహ్నం బాగానే ఉంటుంది. తెల్లవారుజామున మాత్రం ఖాళీ ట్యాంకు కూడా నిండినట్టు చూపిస్తోంది. వారం నుంచి ఇదే టెన్షన్. ప్రోబ్ (నీళ్లు తగిలితే పసిగట్టే తీగ) ఇన్‌పుట్‌ని 10 మెగాఓమ్ రెసిస్టర్‌తో 5 వోల్టులకు కలిపాను. దాని చుట్టూ ఫ్లక్స్ (సోల్డర్ బాగా అంటుకోవడానికి వాడే రసాయనం) జిగటగా ఉంది. డబ్బా మీదేమో 'నో-క్లీన్' అని రాసుంది. కడగమంటారా?

గాజువాక:
వద్దండి. అది కడగకుండా వదిలేయడానికే తయారుచేసిన ఫ్లక్స్. ఒకప్పుడు ఫ్యాక్టరీల్లో బోర్డులను సీఎఫ్‌సీ-113 అనే ద్రావకంతో కడిగేవారు. అది ఓజోన్ పొరను దెబ్బతీస్తుందని 1987 మాంట్రియల్ ఒప్పందంతో కట్టడి మొదలయ్యాకే నో-క్లీన్ వాడకం పెరిగింది. నేనొకసారి కడిగితే బోర్డంతా తెల్లటి పొర పట్టింది. కడగకముందే నయం.

పెదవాల్తేరు:
గాజువాక గారూ, ఫ్యాక్టరీ బోర్డుకైతే మీ మాట నిజం. అక్కడ బోర్డంతా ఓవెన్‌లో వేడెక్కుతుంది. ఫ్లక్స్ పని పూర్తయి గట్టి పెంకులా మిగులుతుంది. మనం చేత్తో సోల్డరింగ్ చేస్తే ఐరన్ మొన దగ్గరే వేడి. పక్కకి పారిన ఫ్లక్స్ పచ్చిగా ఉండిపోతుంది. తమ్ముడు జిగట అన్నది దాన్నే. అది తేమ పీలుస్తుంది, పైగా మనది ఉప్పుగాలి. రాత్రి తేమకి అందులోంచి గ్రౌండ్‌కి 10 మెగాఓమ్‌ల లీకేజీ (కరెంటు కారిపోయే దారి) ఏర్పడితే చాలు, 5 వోల్టులు ఉండాల్సిన చోట 2.5 వోల్టులే ఉంటాయి. నీళ్లు తగిలినా వోల్టేజీ ఇలాగే తగ్గుతుంది కాబట్టి, ప్రోబ్‌కి నీళ్లు తగిలాయని చిప్ అనుకుంటుంది. ఎండెక్కి ఆరాక అంతా మామూలే.

తెల్లటి పొర నాకూ పట్టింది. సగం కడిగితే అదే జరుగుతుంది. ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) పోసి రుద్ది వదిలేస్తే ఆల్కహాల్ ఆవిరైపోతుంది, కరిగిన ఫ్లక్స్ బోర్డంతా పరుచుకుంటుంది. 99 శాతం ఐపీఏతో బ్రష్ చేసి, తడి ఆరకముందే నూగు రాలని గుడ్డ అద్ది పీల్చేయాలి. తర్వాత బోర్డు ఏటవాలుగా పట్టుకుని కొత్త ఐపీఏ పోయాలి. జిగట పోయేదాకా ఇలాగే. బజర్, రిలే తడవకూడదు. శానిటైజర్‌లో గ్లిసరిన్ ఉంటుంది, వద్దు. అసిటోన్ ప్లాస్టిక్‌ని తినేస్తుంది. కిటికీలు తీసి, పొయ్యికి దూరంగా చేయండి. ఐపీఏ ఆవిరికి ఇట్టే నిప్పంటుకుంటుంది.

గాజువాక:
పచ్చి ఫ్లక్స్ విషయం ఒప్పుకుంటాను. అయినా ఇంత కష్టమెందుకు? 10 మెగాఓమ్ తీసి 100 కిలోఓమ్ వేస్తే ఆ లీకేజీ లెక్కలోకే రాదు. మామూలు ఎల్ఈడీ, రిలే బోర్డులకి కడగడం ఇప్పటికీ దండగే అంటాను.

పెదవాల్తేరు:
ఎల్ఈడీ బోర్డు వరకు నాకూ అభ్యంతరం లేదు. కానీ ఇక్కడ రెసిస్టర్ తగ్గిస్తే ప్రోబ్‌లో కరెంటు పెరుగుతుంది. ఎప్పుడూ నీళ్లలో ఉండే ప్రోబ్ త్వరగా తుప్పుపట్టి అరిగిపోతుంది. తమ్ముడూ, కడిగి బాగా ఆరాకే లాకర్ (తేమ తగలకుండా బోర్డుకి పూసే వార్నిష్) పూయి. ఫ్లక్స్ మీద పూస్తే ఆ జిగట లోపలే చిక్కుకుంటుంది.

లాసన్స్ బే కాలనీ:
మూడుసార్లు కడిగాను, రెసిస్టర్ మార్చలేదు. రెండు రోజులుగా తెల్లవారుజామున కూడా సరిగ్గానే చూపిస్తోంది. బజర్ కింద ఇంకొంచెం జిగట ఉంది. ఆదివారం బజర్ ఊడదీసి అదీ కడిగాక లాకర్ పూస్తాను.