పేరు తీసేసిన బ్రౌజింగ్ హిస్టరీతో మనిషిని గుర్తుపట్టగలరా?

నేతఇల్లు:
మాది మంగళగిరిలో చీరల వ్యాపారం. నూలు ధరలు, ఆర్డర్లు, కొరియర్ లెక్కలు అన్నీ ఒకే ల్యాప్‌టాప్‌లో చూస్తాను. అత్తగారి షుగర్ పరీక్షల రిపోర్టులు, పాప నీట్ దరఖాస్తు, ఎవరినీ అడగలేని నా సందేహాలు కొన్ని, అవీ అందులోనే. ధర తగ్గితే చెప్పే ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్) ఒకటి పెట్టుకుందామంటే, నేను చూసే అన్ని సైట్లలోని సమాచారాన్ని చదవడానికి, మార్చడానికి అనుమతి అడుగుతోంది. పేరు, ఫోను నంబరు తీసుకోబోమని, పేరు లేని వివరాలను మాత్రం ‘భాగస్వాములకు’ ఇస్తామని కింద సన్న అక్షరాల్లో ఉంది. ‘పేరే లేనప్పుడు నీదని ఎవరికి తెలుస్తుంది వదినా, పెట్టేసుకో’ అంటున్నాడు మా మరిది. తెలిసినవారు చెప్పండి.

పాతనెట్‌సెంటర్:
పెట్టుకోకండమ్మా. ఒకప్పుడు తెనాలిలో ఇంటర్నెట్ సెంటర్ నడిపినవాడిని. ఒకరు లేచి వెళ్లాక అడ్రస్ గడిలో ఏదో ఒక అక్షరం నొక్కితే చాలు, అంతకుముందు కూర్చున్నవారు చూసిన సైట్లన్నీ కిందికి జారేవి. ఎంసెట్ ఫలితాలు, కడపలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ, విద్యారుణం, రైలు వేళలు. ఇక రిజిస్టర్ తిరగేయనక్కర లేదు, మూడో నంబరు క్యాబిన్‌లో కూర్చున్నది ఎవరి అబ్బాయో తెలిసిపోయేది. ఆ నాలుగింటినీ విడివిడిగా వేలమంది చూస్తారు. నాలుగూ ఒకే మధ్యాహ్నం చూసినవాడు మా వీధికి ఒక్కడే.

నేను కళ్లతో చూసినదాన్నే ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసే మొజిల్లా పరిశోధకులు లెక్కగట్టారు. 2020లో వెలువడిన వారి అధ్యయనంలో సుమారు 52 వేలమంది ఫైర్‌ఫాక్స్ వాడకందార్ల హిస్టరీలను పోల్చితే, 99 శాతం జాబితాలు ఒకదానితో ఒకటి కలవలేదు. పేజీల దాకా కూడా పోలేదు, సైట్ల పేర్లే చూశారు.

మీ ప్రశ్నకు అచ్చంగా సరిపోయేది జర్మనీ సంగతి. స్వేయా ఎకర్ట్ అనే విలేకరి, ఆండ్రియాస్ డేవెస్ అనే డేటా నిపుణుడు కలిసి ఒక ఉత్తుత్తి మార్కెటింగ్ కంపెనీ పేరు పెట్టుకుని, హిస్టరీలు అమ్మేవారిని అడిగారు. నమూనా చూడండంటూ సుమారు 30 లక్షలమంది జర్మన్ల నెలరోజుల బ్రౌజింగ్ ఉచితంగా చేతికొచ్చింది! పేర్లు లేవు. అందులో చాలా భాగం బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ల నుంచి వచ్చిందే. 2016లో ఈ సంగతి బయటపెట్టారు.

గుర్తుపట్టడానికి వారేమీ గారడీ చేయలేదు. ట్విటర్‌లో ఎవరి గణాంకాల పేజీ వారికే కనిపించేది, ఆ పేజీ అడ్రస్‌లోనే వారి ఖాతా పేరు ఉండేది. జాబితాలో ఆ ఒక్క అడ్రస్ దొరికితే మిగతా నెలంతా ఆ మనిషిదే. ఒక జడ్జి చూసే అశ్లీల వీడియోలు, ఒక ఎంపీ మందుల వివరాలు అలాగే బయటపడ్డాయి. ఒక సైబర్ నేరాల డిటెక్టివ్ అయితే తన దర్యాప్తు ఉత్తరాన్ని గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో వేసుకున్నాడు. అతికించిన పాఠమంతా పేజీ అడ్రస్‌లోకి ఎక్కి, అమ్మకానికి వచ్చిన జాబితాలో తేలింది.

తర్కం:
ఎంపీలంటే సరే. మంగళగిరి చీరల హిస్టరీ కొనేది ఎవరండీ? పైగా ఇప్పుడు దాదాపు ప్రతి సైటూ హెచ్‌టీటీపీఎస్, అంటే మనకూ సైటుకూ మధ్య నడిచేదంతా తాళం వేసి పంపే పద్ధతి. దారిలో ఎవరూ చదవలేరు.

పాతనెట్‌సెంటర్:
దారిలో చదవలేరన్నది నిజమే. ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీకి సైటు పేరు తెలిసినా, లోపల ఏ పేజీ చూశారో తెలియదు. ఎక్స్‌టెన్షన్ దారిలో ఉండదు కదా, తాళం తీశాక మీ పక్కనే కూర్చుని చూస్తుంది.

కొనేవారు మంగళగిరి అని వెతుక్కుంటూ రారు. లక్షల జాబితాలు గంపగుత్తగా కొంటారు, జల్లెడ పట్టేది యంత్రం. 2006లో ఏఓఎల్ అనే అమెరికా ఇంటర్నెట్ సంస్థ దాదాపు ఆరున్నర లక్షలమంది వెతికిన మాటలను పేర్లకు బదులు నంబర్లు వేసి బయట పెట్టింది. న్యూయార్క్ టైమ్స్ విలేకరులు కొద్ది రోజుల్లోనే ఒక నంబరు వెనుక ఉన్న మహిళ ఇంటి తలుపు తట్టారు. ఆమె ఎంపీ కాదు. తన ఊళ్లో తోటపనివాళ్ల కోసం, తన ఇంటిపేరు ఉన్నవాళ్ల కోసం వెతికారు, అంతే. వాటి పక్కన ఒంటి నొప్పుల గురించిన ప్రశ్నలూ ఉన్నాయి. ఎవరికి కావాలి అనే మాట, ఒంటి నొప్పుల గురించి వెతకని వయసులో బాగానే ఉంటుంది లెండి.

నేతఇల్లు:
ఇప్పుడే నా హిస్టరీ తెరిచి మరిదికి చూపించాను. అమ్మకాల సైటులో నా ఖాతా పేజీ అడ్రస్‌లో మా దుకాణం పేరు పూర్తిగా ఉంది! ఆ పేజీ నాకు తప్ప ఎవరికీ తెరుచుకోదు. దాని కిందే అత్తగారి ల్యాబ్ రిపోర్టు లింకు, దాని కింద రాత్రి పదకొండు దాటాక నేను చదివినవి. మరిది మాట్లాడకుండా ల్యాప్‌టాప్ మూసేశాడు. ఇన్‌కాగ్నిటోలో చూసుకుంటే సరిపోతుందా?

పాతనెట్‌సెంటర్:
ఇన్‌కాగ్నిటో మీ ల్యాప్‌టాప్‌లో హిస్టరీ మిగలకుండా చేస్తుంది. అంటే అత్తగారి నుంచి, మరిది నుంచి కాపాడుతుంది. వెళ్లిన సైట్లు చూడక మానవు. ఈ మాట గూగుల్ స్పష్టంగా చెప్పలేదని అమెరికాలో 2020లో దావా పడింది. 2024లో రాజీ కుదిరి, కోట్లాది రికార్డులను తీసేయడానికి ఆ సంస్థ ఒప్పుకుంది.

ధరల ఎక్స్‌టెన్షన్ లేనిదే కుదరదంటే, క్రోమ్‌లో వ్యాపారానికి ఒక ప్రొఫైల్, ఇంటికి ఒక ప్రొఫైల్ పెట్టుకోండి. ఒకదాంట్లో వేసిన ఎక్స్‌టెన్షన్ రెండోదాంట్లోకి రాదు. వేసినచోట కూడా దాని వివరాల పేజీ తెరిచి, అన్ని సైట్లకూ ఇచ్చిన అనుమతి తీసేసి, మీరు నూలు కొనే సైట్లకే ఇవ్వండి. రిపోర్టులు, నీట్ దరఖాస్తు ఇంటి ప్రొఫైల్‌లోనే. చీరల వివరాలు ఇంగ్లీషులోకి మార్చుకునే పని కూడా ఆ ఎక్స్‌టెన్షన్ ఉన్నచోట పెట్టుకోకండి.

తర్కం:
నా బ్రౌజర్‌లో పదకొండు ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయి. నాలుగు ఎందుకు వేశానో కూడా గుర్తులేదు. వాటి అనుమతులు ఎక్కడ చూడాలండీ?