240జడ్‌లో ఎల్‌ఎస్1: టెంపరేచర్ ముల్లు 108కి ఎక్కి దబ్బున పడిపోతోంది

బండి 1972 డాట్సన్ 240జడ్. పాత 2.4 లీటర్ల ఇంజన్ తీసేసి (తిట్టకండి, బ్లాక్ పగిలింది) 5.7 లీటర్ల ఎల్‌ఎస్1 (జనరల్ మోటార్స్ వాళ్ల వీ8 ఇంజన్) పెట్టాను. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి ఐడిల్‌లో వదిలితే 12 నిమిషాలకు 108 డిగ్రీల సెల్సియస్. అంతలోనే 86కి పడిపోతుంది, నాలుగైదు నిమిషాల్లో మళ్లీ అదే తంతు. స్కానర్ కూడా ఇవే అంకెలు చూపిస్తోంది కాబట్టి మీటర్ తప్పు కాదు.

ముల్లు ఎక్కుతున్నంత సేపూ రేడియేటర్ కింది హోస్ చేత్తో పట్టుకోగలిగేంత చల్లగా ఉంటుంది. ముల్లు పడే క్షణంలోనే వేడెక్కుతుంది.

థర్మోస్టాట్ (వేడెక్కితే తెరుచుకుని కూలెంట్‌ని రేడియేటర్ గుండా తిరగనిచ్చే వాల్వ్) రెండుసార్లు మార్చాను: ఒకటి 86 డిగ్రీలది, ఇంకోటి 71ది. తేడా లేదు. ముందు చక్రాలు ఎత్తి, క్యాప్ తీసి గాలంతా బయటికి పంపాను. హెడ్స్ నుంచి స్టీమ్ లైన్ (ఆవిరి, గాలి బయటికి పోయే సన్నటి పైపు) రేడియేటర్ పైభాగానికే వెళ్తోంది. హెడ్ గాస్కెట్ అనుమానంతో కూలెంట్‌లో ఎగ్జాస్ట్ గ్యాస్ పరీక్ష చేస్తే పరీక్ష ద్రవం నీలంగానే ఉంది, అంటే గ్యాస్ లేదు. ఫ్యాన్లు రెండూ 93 దగ్గర తిరుగుతున్నాయి.

ఒక్కటే మిగిలింది. కారులో హీటర్ పీకేసి, వాటర్ పంపు మీది రెండు హీటర్ నిపుల్స్‌కీ (హీటర్ హోస్‌లు తగిలించే గొట్టపు మూతులకి) రబ్బరు మూతలు బిగించాను. ఈ ఇంజన్‌లో థర్మోస్టాట్ ఉండేది పంపులోకి నీళ్లు వచ్చే వైపు. హీటర్ దారి మూసేస్తే దానికి వేడి నీళ్లు సరిగా తగలడం లేదేమో.

ఎల్‌ఎస్ నడిపేవాళ్లు చెప్పండి: ఆ రెండు నిపుల్స్‌నీ ఒక హోస్‌తో కలిపేస్తే ఈ ఊగిసలాట ఆగుతుందా?