పిడికెడు బియ్యం మళ్లీ మొదలుపెట్టాలంటే ఏమేం చూసుకోవాలి?

స్త్రీలమైత్రి_సెక్రెటరీ: అందరికీ వందనాలు. వండే ప్రతిసారీ ఇంటి బియ్యంలోంచి ఒక పిడికెడు చర్చి కోసం తీసి పెట్టే పిడికెడు బియ్యం మా సంఘంలో ఆగిపోయింది, మళ్లీ మొదలుపెడుతున్నాం. యాభై ఇళ్లు. నెలకి ఎంత వస్తుందని లెక్కేసుకోవాలి? పురుగు పట్టకుండా ఎలా? విధవరాళ్లకేనా, ఇంకెవరికైనా ఇవ్వొచ్చా? ఆరాధనలో పేర్లు చదవాలా?

కాటా_పుస్తకం: ఆడవాళ్ల పిడికిలికి 35 నుంచి 50 గ్రాములు పడుతుంది. 40 వేసుకోండి. రెండు పూటలకి 80, నెలకి 2.4 కిలోలు, యాభై ఇళ్లకి 120 కిలోలు. అంతా కాగితం మీద లెక్క. రాత్రి చపాతీ తినే ఇళ్లే ఇప్పుడు ఎక్కువ, కాబట్టి సగమే వస్తుందనుకుని ఎవరికైనా మాటివ్వండి. కుక్కర్ కప్పుతో కొలిచేవాళ్లకి పూటకి పావు కప్పు అని చెప్పండి. కడగకముందే తీయాలి. తడి చేత్తో డబ్బాలో వేస్తే నాలుగు రోజులకే ముక్క వాసన.

తెనాలి_కోడలు: పురుగు సంగతి నేను చెప్తా. ఒక్క ఇంటి సంచిలో ముక్కపురుగు ఉన్నా డ్రమ్ము మొత్తం పోతుంది. వచ్చిన సంచి వచ్చినట్టు దిమ్మరించొద్దు. జల్లెడ పట్టి, చేటతో చెరిగి, నీడన పల్చగా ఆరబోయండి. మండుటెండలో పోస్తే పురుగు పారిపోతుంది గానీ గింజ చిట్లి నూకవుతుంది. వేపాకు వేస్తే గలగలలాడేలా ఎండింది వేయండి, పచ్చాకు చెమ్మకి బూజు పడుతుంది. అన్నిటికంటే ముఖ్యం, బియ్యంలో బోరిక్ పొడి కలిపే ఇళ్లు ఉంటాయి. అడిగి మరీ వాళ్ల బియ్యం వద్దనండి. చూపు ఆనని ముసలమ్మ ఒక్క నీళ్లు కడిగి ఎసట్లో పోసేస్తుంది.

వేలంపాట: ఈ జల్లెళ్లూ చేటలూ ఎందుకండీ? ఆరాధన అవగానే వేలం వేసేయండి. అంత్యోదయ కార్డుంటే ఇంటికి 35 కిలోలు వస్తున్నాయి. ఒంటరి ముసలామె ఇంకో పది కిలోలు ఏం చేసుకుంటుంది? ఆమెకి కావాల్సింది బీపీ మాత్రలు, గ్యాస్. మిజోరం చర్చిల్లో 1910 నుంచీ ఇంతే. పూటపూటకీ పిడికెడు తీస్తారు, స్త్రీలు ఇల్లిల్లూ తిరిగి పోగు చేస్తారు, అది అమ్మి సువార్త పని నడుపుతారు.

డీలర్ని_కాను: మిజోరం సంగతి మిజోరంలో. మీ డ్రమ్ములో సగం రేషన్ బియ్యమే ఉంటుంది. దాన్ని అమ్మినా కొన్నా 1955 నాటి నిత్యావసర సరుకుల చట్టం కింద కేసు. పాడుకున్నవాడూ ఇరుక్కుంటాడు.

వేలంపాట: దేవుని సన్నిధిలో పెట్టిన కానుక మీద కేసా! తెలంగాణలో 2025 ఏప్రిల్ నుంచి రేషన్‌లోనూ సన్నబియ్యమే. ఏది కొట్టుదో ఏది కార్డుదో ఎవడు పోలుస్తాడు?

డీలర్ని_కాను: పోల్చలేకపోతే మీరు మాత్రం అది రేషన్‌ది కాదని ఎలా చెప్తారు? సన్నిధి మాట సంచీ పట్టుకున్న ఆఫీసరుకి చెప్పుకోండి.

తెనాలి_కోడలు: రేషన్ బియ్యం అంటే గుర్తొచ్చింది. ఏరేటప్పుడు మనవాళ్లు ప్లాస్టిక్ గింజలని కొన్ని తీసి పారేస్తున్నారు. అవి పోషకాల గింజలు. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ ఆసిడ్, బీ12 కలిపి గింజలా వత్తి, వందకి ఒకటి చొప్పున కలిపినవి. నీళ్లలో తేలినా పారబోయొద్దు.

బీడీ_పట్టభద్రుడు: వేదాంత కళాశాలలో చదివినవాడిగా చెప్తున్నాను, మీ చర్చంతా పక్కదారి పట్టింది. మొదటి తిమోతి 5వ అధ్యాయం స్పష్టంగా ఉంది. అరవై దాటిన విధవరాలే సంఘం పోషించేవాళ్ల పట్టికలోకి వస్తుంది. పిల్లలుంటే పోషణ భారం ముందు వాళ్లది. ఆ ప్రకారం పట్టిక రాయండి, గొడవే ఉండదు.

పరిగె_ఏరేది: ముప్పై ఏళ్లకే భర్త పోయి ఇద్దరు పిల్లలతో కూలికెళ్లే ఆమెని పట్టిక చూపించి తిప్పి పంపుతారా సార్? ద్వితీయోపదేశకాండం 24లో పొలంలో మరిచిన పన పరదేశికి, తండ్రి లేనివాళ్లకి, విధవరాలికి. వయసు అడగలేదు. అపొస్తలుల కార్యములు 6లో గొడవ మొదలైందే పంచడం దగ్గర. గ్రీకు మాట్లాడే విధవరాళ్లని వదిలేస్తున్నారని సణుగు పుట్టాకే ఏడుగురిని పెట్టారు. మీ కమిటీలో ఏ పేట వాళ్లున్నారో ముందు చూడండి.

బీడీ_పట్టభద్రుడు: పేటల గోల ఇక్కడికి తేవద్దు.

పరిగె_ఏరేది: నేను తేలేదు, సంచులు ఏ వీధిలో ఆగిపోతున్నాయో చూస్తే తెలుస్తుంది.

ఒంగోలు_గిత్త: పక్కింటి హిందూ అవ్వకి ఇవ్వొచ్చా అన్నది ఎవరూ ముట్టుకోలేదు. ఇవ్వండి. కానీ ఆ సంచితో పాటు కరపత్రం పెట్టొద్దు, ప్రార్థనకి రమ్మని ఆ రోజు పిలవొద్దు. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ పని కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు. పని నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు, కూటి కోసం కలిశారన్న మాట రాకూడదని. 1878 జూలైలో గుండ్లకమ్మ దగ్గర ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నది పని ఆగిపోయాక.

వేలంపాట: ఆ మాట రానే వచ్చిందిగా, ఇప్పటికీ అంటూనే ఉన్నారు.

ఒంగోలు_గిత్త: అనేవాడు అంటాడు. మీ సంచిలో కరపత్రం ఉంటే మాత్రం వాడి చేతికి సాక్ష్యం మీరే ఇచ్చినట్టు.

కాటా_పుస్తకం: పేర్లు చదవొద్దు. దానం నలుగురికీ చూపించి చేయొద్దన్న మత్తయి 6 తెలిసిన సంఘాలే గుడి మెట్ల మీద ముసలాళ్లని వరసగా నిలబెట్టి ఫోటోలు తీస్తున్నాయి. దాతలకి రుజువు కావాలంటే కాటా మీదున్న సంచినీ పుస్తకంలో పేజీనీ ఫోటో తీయండి, మొహాలు వద్దు. శనివారం చీకటి పడ్డాక ఇంటికే చేర్చండి. తూకం వేసేటప్పుడు ఇద్దరుండాలి, ఇద్దరూ సంతకం పెట్టాలి, ఒకే ఇంటివాళ్లు కాకూడదు. యెరూషలేము కానుకలు మోసేటప్పుడు పౌలు కూడా ఒంటరిగా వెళ్లలేదు. ఇంకొకటి, కొత్త బియ్యం, పాత బియ్యం, ఉప్పుడు బియ్యం ఒకే సంచిలో కలపొద్దు. ఒకటి ముద్దయ్యేలోపు ఇంకొకటి పలుకుంటుంది, తినలేక కోళ్లకి వేస్తారు.

వేలంపాట: మాత్రలూ గ్యాసూ సంగతి ఎవరూ చెప్పరేం?

కాటా_పుస్తకం: వాటికి నెలకో ఆదివారం డబ్బు కానుక వేరే పట్టండి. మందుల కొట్టుకీ గ్యాస్ ఏజెన్సీకీ నేరుగా కట్టి రసీదు అంటించండి. బియ్యం పద్దులో కలిపితే రేపు పాస్టరు అయ్యగారి మీదికే మాటొస్తుంది.