ఈ వారం సమస్య: నిప్పురవ్వ దగ్గు నిలిపివేసె

నిర్వాహకుడు, తిరుపతి

అందరికీ నమస్కారం. ఈ వారం సమస్య ఇది:

నిప్పురవ్వ దగ్గు నిలిపివేసె

ఆటవెలది నాలుగో పాదం, ముందు మూడు పాదాలు మీరు పూరించాలి. కొత్తగా చేరినవాళ్ల కోసం ఒకసారి చెప్తాను. మొదటి, మూడో పాదాల్లో మూడు సూర్యగణాలు, వాటి తర్వాత రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాల్లో ఐదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరం పాదం మొదటి అక్షరంతో కలవాలి, అదే యతి. రెండో అక్షరాలు కలిపే ప్రాసయతి వేసినా సరే.

నిప్పు ఉంటే పొగ వస్తుంది, పొగకు దగ్గు వస్తుంది, మరి నిప్పే దగ్గును ఎలా ఆపుతుంది అనేది చిక్కు. ఈ పాదం నాకు భాకరాపేట ఘాట్‌లో పుట్టింది. ఉద్యోగం పని మీద వారానికి రెండుసార్లు పీలేరు వెళ్లి వస్తుంటాను, మూడు సిలిండర్ల చిన్న పెట్రోలు కారులో. రంగంపేట దాటేదాకా బండి వెన్నలా పోతుంది. ఘాట్ మొదలై థర్డ్ గేర్‌లో కాస్త గట్టిగా తొక్కితే చాలు, ముసలాయన దగ్గినట్టు ఖళ్లు ఖళ్లుమని జర్కులు కొడుతుంది. ఏడాదిలో ఇది మూడోసారి. ప్రతిసారీ షెడ్డులో పెట్రోలుకు నిప్పురవ్వ అంటించే ప్లగ్గులు మారుస్తారు, బాగవుతుంది, రెండు నెలలకు మళ్లీ మిస్సింగ్ మొదలు. ఇంట్లోవాళ్లను ఎక్కించుకుని ఆ మలుపుల్లో వెళ్లాలంటే నిజంగా టెన్షన్‌గా ఉంది.

కాబట్టి ఈసారి పూరణ కారు మీదే ఉండాలని బలవంతం చేయను కానీ, దగ్గు ఎందుకు వచ్చిందో, నిప్పురవ్వ దాన్ని ఎలా ఆపిందో పద్యంలో కనబడాలి. నేను చూసేది అదొక్కటే.

చంద్రగిరి

మసిని పూసుకున్న మైలను తుడువక
ప్లగ్గు మార్చి చూడ బండి కదిలె
ఘాటు రోడ్డు నెక్కె కలతలు లేకుండ
నిప్పురవ్వ దగ్గు నిలిపివేసె

నిర్వాహకుడు

గణాలు, యతులు అన్నీ సరిపోయాయి. ప్ల-బ యతి, ఘా-క యతి రెండూ బాగున్నాయి. ధార కూడా ఉంది, ఎక్కడా తట్టుకోకుండా చదవచ్చు. కానీ అన్నా, నా కథే తిరిగి నాకు చెప్పారు. మసి పట్టింది, ప్లగ్గు మార్చారు, బండి కదిలింది, ఇంతవరకూ నా కారుకు మూడుసార్లు జరిగిందే. ఆ మసి ఎందుకు పట్టింది? మంట సరిగా అంటుకోకపోతే కాలని పెట్రోలు ప్లగ్గు మీద నల్లగా పేరుకుంటుంది. అంటే చాలాసార్లు మసి రోగం కాదు, రోగం వదిలిన గుర్తు. నాలుగో పాదంలో ‘నిలిపివేసె’ అని ఉంది, మీ పద్యంలో దగ్గు నిలవలేదు, వాయిదా పడింది.

పాకాల

మా ఇంటి పద్ధతి రాస్తున్నాను, కారు సంగతి నాకు తెలియదు.

పసుపు కొమ్ము కాల్చి పట్టిన పొగతోడ
అవ్వ జలుబు తగ్గి హాయి కలిగె
కొలిమి కాదు చిన్న కుంపటి చాలును
నిప్పురవ్వ దగ్గు నిలిపివేసె

నిర్వాహకుడు

మూడో పాదం నాకు చాలా నచ్చిందమ్మా. ‘కొలిమి కాదు చిన్న కుంపటి చాలును’ అనగానే అవ్వ, నులక మంచం, పసుపు పొగ వాసన అన్నీ కళ్ల ముందుకొచ్చాయి. అ-హా యతి కూడా చక్కగా పడింది. పొగే దగ్గుకు మందు కావడంతో సమస్యలోని విరోధం దానంతట అదే విడిపోయింది. ఒక్క లోటు, రెండో పాదంలో జలుబు తగ్గింది కాబట్టి దగ్గు నాలుగో పాదంలో హఠాత్తుగా వచ్చినట్టుంది.

శ్రీకాళహస్తి (కొత్త సభ్యుడు)

మొదటి పద్యం, తప్పులుంటే చెప్పండి సార్.

కారు దగ్గుతుంటె గాబరా పడ్డాను
షెడ్డువాడు చూసి సరిగ చేసె
ఇల్లు చేరినాము యే జర్కు లేకుండ
నిప్పురవ్వ దగ్గు నిలిపివేసె

నిర్వాహకుడు

మొదటి పద్యానికే గణాలన్నీ కుదిరాయంటే మీకు చెవి ఉంది తమ్ముడూ. తప్పు ఒక్కటే, రెండో పాదంలో యతి. ష-స హల్లులకు మైత్రి ఉంది కానీ ‘షె’లో ఎ, ‘స’లో అ, ఈ అచ్చులు కలవవు. కొత్త మాట తేవాల్సిన పని లేదు, ఉన్న మాటల చోటు మార్చండి: ‘షెడ్డువాడు చూసి చేసె సరిగ’. ఇప్పుడు షె-చే, యతి కుదిరింది. ఇక ‘సరిగ’ అంటే ఏం చేశాడు? అది చెప్తేనే పూరణ.

కరకంబాడి రోడ్డు

నేను మెకానిక్‌ని సార్, ఇరవై ఏళ్లుగా ఇదే పని. పద్యాలు మా నాయన దగ్గర నేర్చుకున్నాను. ముందు తమ్ముడికి ఒక మాట, ‘షెడ్డువాడు’ బదులు ‘షెడ్డు మామ’ అని పెట్టు, గణం చెడదు, మాకూ సంతోషం.

నిర్వాహకుడి గారి బండి గురించి చదివాక పద్యం కంటే ముందు కొన్ని అడగాలి. చెక్ ఇంజిన్ లైట్ వెలిగిందా? వెలిగి ఊరుకుందా, మిణుకుమిణుకుమందా? మిణుకుమంటుంటే ఆ బండిని ఘాట్‌లో తొక్కకూడదు సార్. సిలిండర్లో కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలో పోయి, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్లో కాలుతుంది, అది పాడైతే ఖర్చు ప్లగ్గులతో పోయేది కాదు. ఇక మట్టసం రోడ్డులో బాగుండి ఎత్తులోనే ఎందుకు దగ్గుతుందంటే, ఎత్తులో తొక్కినప్పుడు సిలిండర్లో గాలి ఎక్కువ నిండుతుంది, ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడిలో ప్లగ్గు మొనల మధ్య నిప్పు దూకాలంటే ఎక్కువ ఓల్టేజీ కావాలి. కాయిలు 12 ఓల్టుల బ్యాటరీ కరెంటునే వేల ఓల్టులకు పెంచుతుంది. ఎక్కడైనా చిన్న చీలికో, తడో, నూనో ఉంటే ఆ కరెంటు ప్లగ్గు మొన దాకా పోకుండా పక్కనున్న ఇనుములోకి దిగిపోతుంది. ఇంజిన్ నిమిషానికి 3000 తిరుగుడులో ఉంటే ఒక్కో సిలిండర్లో సెకనుకు 25 సార్లు నిప్పు పడాలి, అందులో కొన్ని తప్పినా మీకు జర్కు తెలుస్తుంది.

ప్లగ్గు మార్చిన ప్రతిసారీ రెండు నెలలు బాగుంటోంది అన్నారు చూడండి, నాకు అక్కడే అనుమానం. నా పూరణ:

నూనె దిగిన గుంట నొక్కటి కనుగొని
కొత్త రబ్బరేసి కుదురు చేసి
తడిని తుడిచినంత తప్పక వెలిగిన
నిప్పురవ్వ దగ్గు నిలిపివేసె

నిర్వాహకుడు

అన్నా, మీ పద్యం మూడుసార్లు చదివాను. ‘తప్పక వెలిగిన నిప్పురవ్వ’ అని మూడో పాదం నాలుగో పాదంలోకి ఒదిగిపోయింది, సమస్య పాదం అతికించినట్టు లేదు, అక్కడే పుట్టినట్టుంది. పూరణలో నేను వెతికేది ఇదే. ‘రబ్బరేసి’ మీద ఎవరైనా అడగవచ్చు, ‘రబ్బరు వేసి’ కదా అని. అలా విడదీస్తే గణం చెడుతుంది, మనం మాట్లాడేది కూడా రబ్బరేసి అనే కాబట్టి నాకు అభ్యంతరం లేదు. గ్రాంథికంలో రాసే పద్యమైతే ఒప్పుకోను.

లైట్ వెలిగింది కానీ మిణుకుమనలేదు. మొదటిసారి షెడ్డులో తప్పుల కోడ్ చదివే మిషన్ పెట్టినప్పుడు పీ0302 అని వచ్చిందని చెప్పారు. నూనె ఏ గుంటలోకి దిగుతుంది?

కరకంబాడి రోడ్డు

పీ0302 అంటే రెండో సిలిండర్లో మంట తప్పుతోందని సార్. మీలాంటి బండిలో ప్లగ్గు లోతైన గుంటలో కూర్చుంటుంది, కాయిలు దాని మీద టోపీలా దిగుతుంది. ఆ గుంట చుట్టూ ట్యాపెట్ కవర్ (ఇంజిన్ పైమూత) కింద రబ్బరు సీలు ఉంటుంది. అది గట్టిపడి ఎండిపోతే ఇంజిన్ ఆయిల్ బొట్టుబొట్టుగా గుంటలోకి దిగుతుంది. కాయిలు కింది రబ్బరు ఆ నూనెలో నాని ఉబ్బుతుంది, నిప్పు దారి తప్పుతుంది. ప్లగ్గు మార్చేటప్పుడు ఎవరైనా గుడ్డతో నూనె తుడుస్తారు కదా, అందుకే బాగవుతుంది. రెండు నెలలకు గుంట మళ్లీ నిండుతుంది. మీకు కొత్త ప్లగ్గు నయం చేయలేదు, గుడ్డ చేసింది.

చిత్తూరు

మెకానిక్ అన్న చెప్పింది చదివాక ధైర్యం వచ్చి రాస్తున్నా. రెండో కాయిలు మూడోదాని మీదికి మార్చి చూడడం మా మొగిలి ఘాట్ దగ్గరి మిత్రుడొకడు నేర్పాడు. పీ0302 కాస్తా పీ0303 అయితే తప్పు కాయిలుదే అని.

మూడు పొయ్యిలందు ముట్టని దొక్కటి
చుట్ట మార్చి చూడ చోద్యమాయె
వెంట వచ్చె జబ్బు వేరొక పొయ్యికి
నిప్పురవ్వ దగ్గు నిలిపివేసె

నిర్వాహకుడు

ఈ వారం ఊహలో దీనిదే పైచేయి. సిలిండర్లను పొయ్యిలన్నారు, కాయిలును తీగచుట్ట అర్థంలో చుట్ట అన్నారు. పైగా చుట్టకూ దగ్గుకూ ఉన్న సంబంధం వల్ల శ్లేష కూడా పలికింది. ‘వెంట వచ్చె జబ్బు’ అనే మాట పరీక్షంతటినీ ఆరు అక్షరాల్లో చెప్పేసింది. అయితే మూడో పాదంలో జబ్బు దొరికింది, నాలుగో పాదంలో నయమైపోయింది, మధ్యలో మందు వేయలేదు. ఇలా మార్చి చూడండి: ‘వెంట వచ్చె జబ్బు వేరొండు వేయంగ’. వేరే కాయిలు వేశారని తెలుస్తుంది, యతీ నిలుస్తుంది.

చిత్తూరు

మీరన్నది నిజమే కానీ ‘వేరొక పొయ్యికి’ పోతే నాకు ప్రాణం ఒప్పుకోవడం లేదు సార్. మొదటి పాదంలోని పొయ్యి తిరిగి రావడమే పద్యానికి అందం అనిపిస్తోంది.

కరకంబాడి రోడ్డు

ఇంకొకటి సార్. కాయిలు వెంట జబ్బు వచ్చిందంటే ఆ కాయిలు పాడైన మాట నిజమే, కానీ దాన్ని పాడుచేసిందేమిటో గుంటలోకి టార్చి వేసి చూడాలి. నూనెలో నానిన రబ్బరును మూడోదాని మీద పెట్టినా దగ్గు అక్కడికి వస్తుంది. అది చూసి కాయిలు మార్చేసి పంపిస్తే బండి మళ్లీ షెడ్డుకే వస్తుంది.

పీలేరు

మాది పాత బండి, ప్లగ్గు వైర్లున్న రకం. కార్తీకం వానల్లో ఒకటే దగ్గు. ఒక రాత్రి లైట్లన్నీ ఆపేసి, బానెట్ ఎత్తి, ఇంజిన్ నడుస్తుండగా దూరం నుంచే చూశాం. ఒక వైరు మీద నీలంగా చిటపటమని మెరుపు! ఆ పగిలిన వైరు మార్చాక మళ్లీ ఇబ్బంది లేదు.

వాన పడిన నాడు వణికిన బండిని
చీకటందు మూత చేత నెత్తి
నీలి మెరుపు కంటి నేరము దొరికెను
నిప్పురవ్వ దగ్గు నిలిపివేసె

నిర్వాహకుడు

తప్పు చేసిన నిప్పురవ్వే తనను తాను పట్టిచ్చింది, ఆ పట్టిచ్చిన రవ్వే దగ్గును ఆపింది. సమస్యలోని విరోధానికి ఇంతకంటే లోతైన విడుపు నాకు తట్టలేదు. ఒక సవరణ: ‘బండిని’ అన్న కర్మకు క్రియ లేక వేలాడుతోంది, ‘బండికి’ అంటే మూతతో అన్వయం కుదురుతుంది. చదివేవాళ్లకు ఒక జాగ్రత్త కూడా, అలా చూసేటప్పుడు వైర్లను చేత్తో తాకకండి, వేల ఓల్టులు.

నిర్వాహకుడు (పది రోజుల తర్వాత)

కరకంబాడి రోడ్డు అన్న చెప్పినట్టే రెండో కాయిలు ఊడదీయించాను. కింది రబ్బరు మెత్తబడి జిగటగా ఉంది, టార్చి వేస్తే గుంట అడుగున నూనె మెరుస్తోంది. ట్యాపెట్ కవర్ ప్యాకింగ్, సీళ్లు, ఆ ఒక్క కాయిలు మార్పించాను. ప్లగ్గులు పాతవే, తుడిచి మళ్లీ వేశారు. నిన్న భాకరాపేట ఘాట్ థర్డ్ గేర్‌లో, వెనక సీట్లో అమ్మతో సహా, ఒక్క జర్కు లేకుండా ఎక్కింది. రెండు నెలలకు గుంటలో మళ్లీ టార్చి వేసి చూసి ఇక్కడే రాస్తాను.

ఈ వారం మొదటి స్థానం ‘నూనె దిగిన గుంట’కే. పీలేరు పూరణ దాని పక్కనే. చిత్తూరు తమ్ముడూ, మీ పొయ్యి మీరే ఉంచుకోండి, కానీ రెండో పాదంలో ఎక్కడైనా కొత్త చుట్ట వేసే దారి వెతకండి. దొరికితే మళ్లీ చూస్తాను.