పుట్టినరోజుకి బొమ్మలు వద్దని చుట్టాలకి ఎలా చెప్పాలి?

కూకట్‌పల్లి_అమ్మ:
అందరికీ నమస్తే. వచ్చే నెలలో మా బాబుకి ఏడేళ్ళు నిండుతాయి. పోయినేడు పుట్టినరోజుకి వచ్చినవి మూడు రిమోట్ కార్లు, రెండు డాక్టర్ సెట్లు, అచ్చంగా ఒకే పజిల్ రెండు, ఇంకా ఏమని పిలవాలో తెలియని ప్లాస్టిక్ ఒక అట్టపెట్టె నిండా. అన్నీ అటకెక్కించాను. ఆర్నెల్లయింది, ఏదీ ఎక్కడుందని వాడు ఒక్కసారి కూడా అడగలేదు.

అదే ఎండాకాలంలో మా తమ్ముడు ఒకరోజు ఖాళీగా ఉండి వాణ్ణి సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకెళ్ళాడు. (మొదట శుక్రవారం వెళ్ళి, సెలవని తిరిగొచ్చి, మళ్ళీ ఆదివారం వెళ్ళారు.) అక్కడ గడియారంలోంచి బుల్లి మనిషి బయటికొచ్చి గంట కొట్టి లోపలికి పోతాడు కదా, అది చూసిన దగ్గర్నుంచి మావాడు బెడ్‌రూమ్ తలుపు తీసుకుని వచ్చి, గరిటెతో గిన్నె మీద టైమెంతయితే అన్ని దెబ్బలు కొట్టి మళ్ళీ లోపలికి పోతుంటాడు. సెలవురోజు పన్నెండు గంటలప్పుడు మా ఇంటికి ఎవరూ ఫోన్ చెయ్యరు.

అందుకే ఈసారి బొమ్మల బదులు ఎక్కడికైనా తీసుకెళ్ళడమో, ఏదైనా నేర్పించడమో గిఫ్టుగా ఇస్తే బాగుంటుందనిపించింది. మా వరకు మేం ఏదో ఒకటి చేస్తాం, చుట్టాలతోనే ఇబ్బంది. కార్డు మీద గిఫ్టులు వద్దని రాస్తే ఎవరూ వినరు, విన్నవాళ్ళు కవర్లో డబ్బులు పెడతారు, అది ఇంకా మొహమాటం. మా అత్తగారైతే "పుట్టినరోజు పూట పిల్లాడి చేతిలో ఏమీ పెట్టకుండా ఉంటారా ఎవరైనా" అని రెండురోజులుగా అంటూనే ఉన్నారు. పైగా వాడికి రంగు కాగితం చింపడం మహా సరదా. మీరెవరైనా ఇలా చేశారా?

గాజువాక_నాన్న:
కాగితం సంగతి నేను చెప్తా. మా అమ్మాయి ఎనిమిదో పుట్టినరోజుకి ఒక చిన్న పెట్టెలో టార్చిలైటు, ఒక నోటుబుక్కు, అరకు రైలు టికెట్ ప్రింటు పెట్టి కాగితం చుట్టి ఇచ్చా. విప్పి ముందు మొహం వేలాడేసింది, ఉన్నమాట చెప్పాలిగా. టార్చ్ ఎందుకు అంటే బొర్రా గుహల్లో మూలలు చూడ్డానికి అన్నా. అక్కణ్ణుంచి ప్రయాణం రోజు వరకు రాత్రిళ్ళు దుప్పట్లో టార్చ్ వేసుకుని ప్రాక్టీసు.

అద్దాల పెట్టెలో, అదే విస్టాడోమ్‌లో, టికెట్లు దొరకలేదు. మామూలు పెట్టెలో వెళ్ళాం, నన్నడిగితే పిల్లలకి అదే నయం, కిటికీ తెరిచి ఉంటుంది, గాలి కొడుతుంది, సొరంగంలోకి వెళ్ళగానే పెట్టె మొత్తం పిల్లలు ఒకటే అరుపులు. ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్ వరకు ఈ లైను మొత్తం మీద 58 సొరంగాలు అంటారు, మేం వెళ్ళింది అరకు వరకే. లెక్కపెట్టి నోటుబుక్కులో గీతలు గియ్యమన్నా. మధ్యలో పల్లీలు అమ్మేవాడు వచ్చేసరికి లెక్క తప్పింది. ఇప్పటికీ నా లెక్కకీ తన లెక్కకీ నాలుగు తేడా, "అయితే మళ్ళీ వెళ్దాం, ఈసారి పల్లీలు కొనకు" అంటుంది. ఆ నోటుబుక్కు స్కూలు పుస్తకాల కంటే భద్రంగా దాచుకుంది.

ఒక్క జాగ్రత్త. రైలు పొద్దున్నే, ఏడు గంటల లోపే స్టేషన్లో ఉండాలనుకోండి. పిల్లకి ముందురోజు రాత్రి నిద్ర పట్టదు, తర్వాత రైల్లో మంచి మంచి చోట్ల నిద్రపోతుంది. మా రెండోవాడు శివలింగపురం నుంచి బొర్రా వరకు గురక.

బడిపంతులమ్మ:
అందరూ మెచ్చుకుంటున్నారు కాబట్టి నేను కొంచెం అడ్డం తిరుగుతా. వస్తువుల కంటే అనుభవాలే ఎక్కువ సంతోషాన్నిస్తాయని చెప్పిన పరిశోధనల్లో చాలావరకు పెద్దవాళ్ళ మీద చేసినవే. పిల్లల మీద లాన్ చాప్లిన్, ఆమెతో పాటు మరికొందరు చేసిన అధ్యయనం 2020లో వచ్చింది. మూడు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకి వస్తువుల వల్లే ఎక్కువ ఆనందం కలుగుతోందని, టీనేజిలోకి వచ్చాక అనుభవాల వైపు మొగ్గుతున్నారని అందులో తేలింది. కారణం కూడా సబబుగానే ఉంది. అయిపోయినదాన్ని గుర్తు తెచ్చుకుని మళ్ళీ ఆనందించాలంటే జ్ఞాపకశక్తి కావాలి, తన కోసం ఎదుటివాళ్ళు ఏం ఆలోచించి ఇది చేశారో ఊహించగలగాలి. చిన్నపిల్లల్లో ఆ రెండూ ఇంకా ఎదుగుతూనే ఉంటాయి. బొమ్మయితే కళ్ళెదుట ఉంటుంది.

కాబట్టి మీ అత్తగారి మాట కొట్టిపారెయ్యకండి. ఏడేళ్ళవాడికి చేతిలో ఏదో ఒకటి ఉండాలి. పైన గాజువాక ఆయన చేసిన పని అదే కదా, టార్చూ నోటుబుక్కూ. వెళ్ళొచ్చాక ఫొటోలు ఫోన్లోనే వదిలెయ్యకుండా నాలుగు ప్రింటు తీయించి ఫ్రిజ్ మీద అంటించండి. మా క్లాసులో సోమవారం "నిన్న ఏం చేశారు" అంటే సగం మందికి గుర్తుండదు. ఎవరి చేతిలో ఒక ఈకో, గులకరాయో ఉంటే వాళ్ళు అరగంట చెప్తారు.

ఖర్చులెక్క:
మాల్‌లో గెంతే చోటు ఒకటుంటుంది కదా, మా ఆఫీసు ఫ్రెండు పిల్లలిద్దరినీ "అనుభవం" అని అక్కడికి తీసుకెళ్ళా. పిల్లలకి టికెట్, కూడా నిలబడ్డందుకు నాకు టికెట్, అక్కడే కొనాల్సిన సాక్సులు, ఇంటి నుంచి తెచ్చిన నీళ్ళ బాటిల్ లోపలికి రానివ్వరు. గంటకి ఎంతయిందో లెక్కేస్తే ఆ డబ్బుకి పెద్ద బొమ్మే వచ్చేది. బయటికొచ్చాక పెద్దవాడు "అంకుల్, బొమ్మ ఏది" అన్నాడు. అంతే నా అనుభవం.

చోడవరం_తాతయ్య:
బొమ్మా అనుభవమా అని ఎందుకమ్మా తగువు. మా మనవడు బెంగళూరు నుంచి వస్తే ఏటికొప్పాక తీసుకెళ్ళాను. అక్కడ అంకుడు కర్రతో లక్క బొమ్మలు చేస్తారు, మీకు తెలిసే ఉంటుంది. కర్రముక్క మిషను మీద గిర్రున తిరుగుతుంటే ఉలి ఆనించి బొంగరం ఆకారం తెస్తారు, తర్వాత రంగు లక్క కడ్డీ దానికి అదిమి పెడితే ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది. పైన మొగలి ఆకుతో రుద్దితే నిగనిగలాడుతుంది. గింజలు, బెరళ్ళు, వేళ్ళ నుంచి తీసిన రంగులు. మావాడు నోరు తెరుచుకుని గంటన్నర కూర్చున్నాడు, ఫోన్ అడగలేదు. పొట్టు మొహం మీద పడుతుంటే కూడా కదల్లేదు.

ఆఖర్న వాడి కళ్ళముందు తయారైన బొంగరమే కొనిచ్చాను. ఇంట్లో ఖరీదైన బొమ్మలు లేక కాదు. అది మాత్రం ఎవర్నీ ముట్టుకోనివ్వడు, "ఇది పుట్టినప్పుడు నేనున్నాను" అంటాడు. విజయవాడ వైపు ఉన్నవాళ్ళు కొండపల్లి వెళ్ళొచ్చు, అక్కడ తెల్ల పొణికి కర్ర. పని జరిగే వేళకి వెళ్ళండి, అదొక్కటే చూసుకోవాలి. ఊరికే కొట్లో కొనుక్కొస్తే ఆన్‌లైన్లో కొన్నట్టే.

నెల్లూరు_సముద్రం:
శ్రీహరికోట ఎవరూ చెప్పలేదేంటి? 2019 నుంచి మామూలు జనం కూడా గ్యాలరీలో కూర్చుని రాకెట్ ప్రయోగం చూడొచ్చు, ముందుగా ఆన్‌లైన్లో పేరు నమోదు చేసుకోవాలి, డబ్బు కట్టక్కర్లేదు. ముందు వెలుగు కనిపిస్తుంది, చప్పుడు తర్వాత వచ్చి గుండెల్లో దడదడలాడుతుంది. మా పాప "టీవీలో సౌండు అబద్ధం నాన్నా" అంది.

కానీ పుట్టినరోజు గిఫ్టు అని మాత్రం తేదీ వేసి మాటివ్వకండి. మేం మొదటిసారి అలాగే చేసి, అదికాస్తా వాయిదా పడి, సూళ్ళూరుపేటలో ఏడుస్తున్న పిల్లకి ఐస్‌క్రీమ్ కొనిచ్చి వెనక్కి వచ్చాం. చలికాలమైతే పక్కనే నేలపట్టు, పులికాట్ ఉన్నాయి, రాకెట్ ఎగరకపోయినా పక్షులన్నా ఎగురుతాయి.

రెండుజడలు:
అక్కా, నువ్వడిగింది చుట్టాలకి ఎలా చెప్పాలని, అందరూ ఊళ్ళు చెప్తున్నారు 😀

"గిఫ్టు వద్దు" అంటే వాళ్ళకి "మీరిచ్చేది మాకు పనికిరాదు" అని వినిపిస్తుంది. నేనెప్పుడూ వద్దు అనే మాట వాడను. ఎవరికి ఏది బాగా వచ్చో అది అడుగుతా. మా అమ్మాయి పుట్టినరోజప్పుడు మా ఆడపడుచుకి ఫోన్ చేసి "వదినా, నీ చేతి గారెలంటే దీనికి ప్రాణం, ఈ పుట్టినరోజుకి దీన్ని ఒక ఆదివారం నీ దగ్గర ఉంచుకుని చెయ్యడం నేర్పవా" అన్నా. ఆవిడ పొంగిపోయింది. ఆ ఆదివారం వంటిల్లంతా పిండి, మధ్యలో చిల్లు లేకుండా గారెలు, అయినా ఇద్దరూ ఒకటే నవ్వులు. మరిదికి సైకిల్ నేర్పే పని. మా మేనమామ నాకు నడుముకి బెండ్లు కట్టి బావిలో ఈత నేర్పాడు, ఆయన ఆ రోజుల్లో ఇంకేమన్నా కొనిచ్చాడేమో నాకు ఒక్కటీ గుర్తులేదు, నీళ్ళలోకి తోసింది మాత్రం గుర్తుంది (ఇప్పటికీ కోపమే).

డబ్బులు అడగొద్దు, టికెట్లు అడగొద్దు, ఒకరోజు అడుగు. ఇవ్వలేనివాళ్ళు వాళ్ళంతట వాళ్ళే బొమ్మ తెచ్చుకుంటారు, తీసుకుని థాంక్స్ చెప్పు. అంతకుమించి టెన్షన్ పడకు.

కూకట్‌పల్లి_అమ్మ:
అందరికీ చాలా థాంక్స్. రెండుజడలు చెప్పినట్టు ముందు మా అత్తగారి దగ్గరే మొదలుపెట్టా. "అత్తయ్యా, మీ ఊళ్ళో మీరు ఆడుకున్న వామనగుంటలు, అష్టాచెమ్మా వాడికి నేర్పండి, అదే మీ గిఫ్టు" అన్నా. కాసేపు మాట్లాడలేదు. సాయంత్రానికి చింతపిక్కలు కడిగి బాల్కనీలో ఎండబెట్టారు, గవ్వలు ఎక్కడ దొరుకుతాయని మా ఆయన్ని అడుగుతున్నారు. పిక్కలకి కాగితం మాత్రం చుట్టాల్సిందే అన్నారు.

తమ్ముడు గోల్కొండ ఒప్పుకున్నాడు, కింద చప్పట్లు కొడితే పైన వినపడుతుందో లేదో చూడ్డానికి ఒకళ్ళు కింద ఒకళ్ళు పైన ఉండాలి కాబట్టి నేనూ రావాలట, నన్ను కింద ఉంచమన్నా.

మా బావగారికి చెప్పేలోపే ఆయన ఆర్డర్ పెట్టేశారు. రిమోట్ కారు. నాలుగోది.